హేలీ గారింట్లో ఎన్ని మంచాలు

"మగాడన్నవాడు తొట్టి ముందు నిలబడి తన చొక్కాలు తనే ఉతుక్కుంటాడంటే, వాడిలో ఏదో తేడా ఉన్నట్టే" అన్నాడు మా ఆయన ఈనక్, ఒక సోమవారం పొద్దున. ఆ మాట అనేటప్పుడు నేను ఉతుకుతున్నది అతని చొక్కానే.

సోమవారమంటే నాకు ఆరిళ్ళ దుప్పట్లు. తెల్లారకముందే రాగి కాగు కింద బొగ్గు రాజేయాలి, చాకలి సోడా కలపాలి, తెల్లబట్టలకు నీలిమందు, పాస్టరు గారి కాలర్లకు గంజి. వాటితోపాటు మా ఇంటి బట్టలు. ఈనక్ ఇంగ్లండంతా పేరున్న షెఫీల్డ్ కత్తులకు సాన పడతాడు. వాగు మీది సానచక్రాల షెడ్డులో పదేళ్ళ వయసు నుంచీ రాతిపొడి పీల్చినవాడు. ఆ పొడి చొక్కాలోకి దిగితే ఇక వదలదు, ఊపిరితిత్తుల్లోకి దిగినా అంతే. అతని దగ్గు వింటే నాకు జాలేస్తుంది. జాలి వేసినంత మాత్రాన చేతులు మండకుండా ఉండవు. పొయ్యి పక్కన కుర్చీలో అల్లిక అల్లుకుంటూ మా అత్త అంది: "తేడా ఉంటే ఉండనీరా, ఆ తేడా ఏదో నీ తండ్రికి ఉన్నా నా నడుం ఇలా వంగేది కాదు."

హేలీ గారు మా లోయకు వచ్చి అప్పటికి నాలుగేళ్ళు. పేరు ఆంబ్రోస్ హేలీ. దక్షిణాన ఏదో పెద్ద కాలేజీలో పాఠాలు చెప్పే ఉద్యోగం వదిలేసి, వాగు పక్కన మూడు పొలాలు కొని, రాళ్ళిల్లు కట్టుకున్నాడు. పుస్తకాలు రాస్తాడు, మాంసం తినడు, తన చెప్పులు తనే కుట్టుకుని చలికాలంలోనూ మేజోళ్ళు లేకుండా తిరుగుతాడు. ఊళ్ళో అందరికీ ఆయన 'చెప్పులాయన'. ఆయనతో సైలస్ డ్రాబుల్ ఉంటాడు. ఒకప్పుడు ఈనక్ పక్క చక్రం మీద క్షౌరపు కత్తులకు సాన పట్టినవాడే. ఇద్దరూ కలిసి దున్నుతారు, కూరగాయలు బండి మీద సంతకు తీసుకెళతారు.

మార్చిలో నాకు ఒక ఇంటి ఉతుకు పోయింది. ఎంత సొంతంగా ఉతుక్కున్నా దుప్పట్లయినా బయటికి వేయరా అనుకుని హేలీ గారింటికి వెళ్ళాను. పెరట్లో చొక్కా చేతులు పైకి మడిచి, మోచేతుల దాకా నురగతో, తొట్టి ముందు నిలబడి ఉన్నాడాయన. నన్ను చూసి నవ్వి ఒక ఉన్ని బనీను పైకెత్తి పట్టుకున్నాడు. మూడేళ్ళ పిల్లకు కూడా పట్టేటట్టు లేదు.

"ఇది నిన్నటిదాకా నాదమ్మా" అన్నాడు.

"మరిగే నీళ్ళలో వేశారా అయ్యా?"

"వేశాను."

"అయితే మీరు దాన్ని ఉతకలేదు. వండారు."

ఆయన పగలబడి నవ్వాడు. తర్వాత అడిగాడు: "మరి ఎలా ఉతకాలి? నాకు నేర్పుతారా?"

ముప్పై ఏడేళ్ళు బతికాను. మగవాళ్ళు నన్ను చాలా అడిగారు. నా చొక్కా ఏది, భోజనం ఇంకా కాలేదా, ఈ మరక పోలేదేం. నాకు తెలిసినదాన్ని తెలుసుకోవడానికి ఒక్కరూ అడగలేదు. నీళ్ళ వేడి మోచేత్తో చూడడం, ఉన్నిని రుద్దకుండా నొక్కడం, పిండకుండా తువ్వాల్లో చుట్టడం చూపించాను. అంత చదువుకున్నాయన చేతులు తుడుచుకుని, జేబులోంచి కాగితం తీసి, నేను చెప్పినవన్నీ రాసుకున్నాడు. మా అమ్మ దగ్గర, మా అమ్మమ్మ దగ్గర దెబ్బలు తిని నేర్చుకున్న ముక్కలు ఒక కాగితం మీద అక్షరాలవుతుంటే నాకు చర్చిలో నిలబడ్డట్టు అనిపించింది.

సైలస్ టీ పెట్టి ఓట్స్ పిండి రొట్టె తెచ్చాడు. ఇద్దరు మగవాళ్ళు తిరుగుతూ పనిచేస్తుంటే నేను కూర్చున్నాను. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఒళ్ళో పెట్టుకుంటే ఎవరివో చేతుల్లా ఉన్నాయి. హేలీ గారు ఇల్లు చూపించారు. తెరలు లేవు, తివాచీలు లేవు, బొమ్మలు లేవు. "ఇంట్లో వస్తువు ఒకటి పెరిగితే, దాన్ని తుడిచే ఆడమనిషి ఎక్కడో ఒకరు వంగాలి. అందుకే తగ్గించుకున్నాం" అన్నారు. ఆ మాటకు నా ఒళ్ళు ఝల్లుమంది. అయినా నా నోరు ఊరుకోదు. "మీరు వద్దనుకున్న కుర్చీని రేపు కావాలంటే కొనుక్కోగలరయ్యా. మా ఇంట్లో ఉన్నదే ఒక్క మంచి కుర్చీ. మేమూ సాదాగానే బతుకుతున్నాం, మమ్మల్ని ఎవరూ అడగలేదంతే" అన్నాను. సైలస్ తల వంచుకుని నవ్వు ఆపుకున్నాడు. హేలీ గారు మాత్రం నవ్వలేదు. "నిజం. నేనది రాయలేదు. రాయాలి" అన్నారు. నా మాటకు ఒక పుస్తకం మారుతుందా? ఆ ఆలోచనకే భయమేసింది.

తడి దుప్పటి ఎక్కడ ఆరేయాలో చెప్పమంటే మేడ మీదికి ఎక్కాను. రెండు గదులు. ఒక గదిలో మంచం మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా విత్తనపు బంగాళాదుంపలు మొలకల కోసం పరిచి ఉన్నాయి. రెండో గదిలో మంచం మీద రెండు తలగడలు, రెండింటి మీదా తల పెట్టిన గుంటలు. వెనక మెట్ల మీద సైలస్ ఆగిపోయాడు. అతని ముఖం పాలిపోయింది. నేను ఇరవై ఏళ్ళుగా ఊరి దుప్పట్లు ఉతికినదాన్ని, మంచాలు నాకు చెప్పని సంగతి లేదు. చాలా పడకల్లో ఏడుపు చూశాను. ఈ గదిలో అది లేదు. కిటికీలో ఒక గ్లాసులో అడవిపూలు, మంచం పక్కన రెండు జతల చెప్పులు, రెండూ ఒకే చేతి కుట్టు.

"దుంపలకు వెలుతురు చాలదు సైలస్. కిటికీ వైపు జరుపు" అన్నాను.

అతను అప్పుడు ఊపిరి వదిలాడు.

మే నెలలో హేలీ గారు బడి హాల్లో ప్రసంగం చేశారు. ఎప్పటిలాగే వెనక బల్ల దగ్గర టీ కాచే పని ఆడవాళ్ళది, కాబట్టి నేను విన్నాను. ఆయన గొంతు పెద్దది కాదు. "పెళ్ళి అయినంత మాత్రాన స్త్రీ శరీరం ఇంకొకరి సొత్తు కాదు. ఆమెకు ఇష్టం లేనప్పుడు వేసిన చెయ్యి తప్పుడు చెయ్యే, అది భర్తదైనా సరే" అన్నారు. ముందు వరసలో కొందరు లేచి వెళ్ళిపోయారు. నేను పోస్తున్న టీ కప్పు నిండి, సాసరు నిండి, బల్ల మీదికి పారింది. నాకు పందొమ్మిదేళ్ళుగా లోపల ఉన్నది ఏదో జబ్బు అనుకున్నాను. తొమ్మిది కాన్పులు, మిగిలింది నలుగురు. ఆఖరి కాన్పప్పుడు మంత్రసాని, ఇంకొకటైతే నువ్వు దక్కవు అని చెప్పింది. ఆ మాట ఈనక్‌తో చెబితే, "గుర్రాన్ని ఎక్కమంటావా అని అడిగి ఎక్కుతామా" అని నవ్వాడు. మా అత్తతో చెప్పుకుంటే, "కళ్ళు మూసుకుని రేపు ఉతకాల్సిన దుప్పట్లు తలుచుకోవే. నేనలాగే పదకొండు మందిని కన్నాను" అంది. అలాగే తలుచుకునేదాన్ని. అది జబ్బు కాదట. దానికి ఒక మాట ఉందట. ఇష్టం లేకపోవడం. ఒక పెద్దమనిషి ఆ మాటను దీపాల వెలుగులో, అందరి ముందూ, సిగ్గుపడకుండా పలికాడు. ఇంటి పైకప్పు తీసి ఆకాశం చూపించినట్టయింది నాకు.

ఆ ఏడాదే లండన్‌లో మగవాడు మగవాణ్ణి ప్రేమించిన నేరానికి ఒకాయనను జైల్లో పెట్టారని పేపర్లు హోరెత్తించాయి. జూన్‌లో ఒక శనివారం మధ్యాహ్నం చర్చి పెద్ద గ్రాటన్ గారు మా గడప తొక్కారు. టోపీ మోకాలి మీద పెట్టుకుని, మంచి మాటల్లోకి దిగారు.

"నువ్వు ఆ ఇంటి మేడ ఎక్కావని విన్నాను, థర్జా. అక్కడ ఎన్ని మంచాలున్నాయి?"

"రెండు."

"బాగా గుర్తు తెచ్చుకో. రెంటిలోనూ పడుకున్నట్టుందా? ఊరి మంచి కోసమే అడుగుతున్నాను. మెజిస్ట్రేటు ముందు ఒక్క మాట చెబితే చాలు. చర్చి బట్టల ఉతుకంతా నీకే వస్తుంది. ఊళ్ళోని పెద్ద బంగళా వాళ్ళ ఉతుకూ ఇప్పిస్తాను."

ఈనక్ భోజనం ఆపి, "చెప్పవే! నోట్లో ఏముంది? ఊరంతా తెలిసిన సంగతేగా" అన్నాడు.

నేను ఇస్త్రీ పెట్టె పొయ్యి మీద పెట్టాను. ఆయన వైపు తిరిగి మాట్లాడాను. అది నా గొంతేనా అని నాకే వింతగా ఉంది.

"గ్రాటన్ గారూ, ఆ ఇంట్లో ఎవరూ ఏడ్చిన జాడ నాకు కనబడలేదు. మా ఇంట్లో ఉన్నది ఒకే మంచం. నేను వద్దన్న రోజుల్లో దాని మీద ఏం జరిగిందో అడగడానికి ఈ పందొమ్మిదేళ్ళలో చర్చి నుంచి ఎవరైనా వచ్చారా?"

ఈనక్ చెయ్యి లేచింది. లేచి, అక్కడే ఉండిపోయింది. ఎందుకంటే పొయ్యి పక్క నుంచి మా అత్త, అల్లిక మీంచి తల ఎత్తకుండా అంది:

"నన్నూ ఎవరూ అడగలేదు."

గ్రాటన్ గారు టోపీ తీసుకుని వెళ్ళిపోయారు. ఆయన దగ్గర చాడీలు తప్ప సాక్ష్యం లేదు. వ్యవహారం అక్కడితో ఆగింది. నాకు పాస్టరు గారి కాలర్లు పోయాయి, ఇంకో రెండిళ్ళూ పోయాయి. ఏం జరిగిందో హేలీ గారికి చెప్పలేదు. చెబితే థాంక్స్ చెబుతారు, నేను ఆయన కోసం మాత్రమే చేసినట్టవుతుంది.

ఆ సాయంత్రమే నా దిండు, దుప్పటి అటక మీద మా అమ్మాయి లెటీ పక్కకు చేరాయి. ఈనక్ వారం రోజులు మాట్లాడలేదు. తర్వాత అరిచాడు. "ఆ చెప్పులాయన నీ బుర్ర చెడగొట్టాడు" అన్నాడు. పాస్టరు గారికి చెబుతానన్నాడు. ఏమని చెప్పాలో తెలియక మానేశాడు. అతనికి దగ్గు ఎక్కువైన రోజుల్లో తేనె నీళ్ళు కాచి ఇచ్చాను. ఇచ్చి అటక ఎక్కాను.

ఆగస్టులో ఒక ఆదివారం, చర్చి నుంచి వచ్చాక వాన పట్టుకుంది. పిల్లలు కింద ఉన్నారు. నేను పట్టపగలు, పనేమీ లేకుండా, అటక మీద పడుకుని పెంకుల మీద వాన వింటున్నాను. నిచ్చెన కిర్రుమంది. ఎక్కే చప్పుడు తలుపు దగ్గర ఆగింది. చాలాసేపు రాతిపొడి దగ్గు, తర్వాత చెక్క మీద వేలితో చిన్న చప్పుడు. నాతో పెళ్ళయినప్పటి నుంచి ఆ మనిషి ఏ తలుపూ తట్టి ఎరగడు.

"థర్జా. రావచ్చా?"

నేను లోపలికి చూసుకున్నాను. కోపం లేదు, భయం లేదు. ఇష్టం ఉందా అని వెతికాను. అలా వెతకడం అదే మొదటిసారి. నిదానంగా, నా వస్తువు నేను వెతుక్కున్నట్టు.

"ఈరోజు వద్దు ఈనక్" అన్నాను.

నిచ్చెన మీద అడుగులు ఒక్కొక్కటిగా కిందికి దిగిపోయాయి.

లేచి కూర్చున్నాను. ఇల్లు కూలలేదు. పిడుగు పడలేదు. ఆ మాట అంత చిన్నదని, దానికి ఒక మనిషి వెనక్కి తిరిగి వెళతాడని, నాకు ఎవరూ చెప్పలేదు.