పాకుడు పట్టిన ఇసుక

వీధి చివరింటి అత్తగారికి శుభ్రమంటే ప్రాణం. మామూలు ప్రాణం కాదు, ఎదుటివాళ్ళ ప్రాణం తోడేసేంత. అలాంటావిడ పెరట్లో, నీళ్ళ పరీక్షల ల్యాబులో పనిచేసే కోడలు ఇసుక నింపిన డ్రమ్ము తెచ్చి పెట్టింది. బోరు నీళ్ళు అందులోంచి దిగితే ఆర్సెనిక్ విషం పోతుందట. ఆ పని చేసేది ఇసుకలో కాపురముండే బ్యాక్టీరియా అట. వాటివల్ల ఇసుక మీద గోధుమరంగు పాకుడు పేరుకుని విషాన్ని పట్టేస్తుందట.

"పురుగులు కడిగిన నీళ్ళు తాగమంటావా తల్లీ!" అని అత్తగారు ముక్కు చిట్లించింది. కానీ మొదటి పరీక్షలో నీళ్ళు బాగున్నాయని తేలింది. రెండోదీ నెగ్గితే వీధంతటికీ పెద్ద తొట్టి కట్టిద్దామని, లేకపోతే డ్రమ్ము తీసేయాల్సిందేనని వీధి పెద్ద తేల్చి చెప్పాడు.

ఆ పరీక్షకి ముందురోజు కోడలు గడప దాటగానే అత్తగారు కొంగు బిగించింది. నలుగురూ వచ్చి చూసేవేళ ఇంత మురికా! పిల్ల పరువేం కావాలి? ఇసుకంతా తోడి, బ్లీచింగ్ చల్లి, తెల్లగా మెరిసేదాకా రుద్ది మళ్ళీ నింపింది.

సాయంత్రం అది చూసి కోడలు ఉన్నచోటే చతికిలబడింది. ఇక కేకలేస్తుందనుకుంటే, గబుక్కున లేచి అత్తగారిని కుళాయి దగ్గరికి లాక్కెళ్ళింది.

"ముందు చేతులు సబ్బుతో కడుక్కోండి అత్తయ్యా. విషమంతా ఆ పాకుడులోనే ఉంటుంది." తనే రుద్ది కడుగుతూ నెమ్మదిగా అంది, "ఇసుకలోని బ్యాక్టీరియాలన్నీ చచ్చిపోయాయి. మళ్ళీ పాకుడు పట్టాలంటే వారాలు పడతాయి."

అత్తగారు తడిచేతులు కొంగుకి తుడుచుకుని, మెరిసే ఇసుకకేసి చూసింది.

కారణం చెప్పాల్సొస్తుందని కోడలు వాయిదా అడగలేదు. మర్నాడు పరీక్ష చేయనే చేశారు. బోరులో ఎంత విషముందో డ్రమ్ము నీళ్ళలోనూ దాదాపు అంతే ఉంది. "నేను చెప్పలా, ఇవన్నీ గాలి కబుర్లని?" అన్నాడు వీధి పెద్ద.

"పొరపాటు నాదేనండీ. ఎక్కడో తేడా వచ్చింది" అంది కోడలు తల దించుకుని. అత్త ఊసే ఎత్తలేదు.

అత్తగారి మనసు చివుక్కుమంది. "ఆగు బాబూ, అది అబద్ధమాడుతోంది! ఇసుక కడిగింది నేను. పాకుడున్నన్నాళ్ళూ నీళ్ళు బాగున్నాయి. నేను అద్దంలా తోమిపెట్టాక విషమొచ్చింది. ఇంతకంటే రుజువేం కావాలి నీకు?"

ఎవరో కిసుక్కున నవ్వారు. వీధి పెద్ద బుర్ర గోక్కున్నాడు. "అయితే మీ చెయ్యి పడకపోతే పనిచేస్తుందంటారా పిన్నిగారూ?"

"అంతే నాయనా. డ్రమ్ముకి తాళం వేసుకో. తాళంచెవి మాత్రం నా చేతికివ్వకు."

ఈసారి అందరూ నవ్వారు. పాకుడు పట్టాక మళ్ళీ పరీక్ష పెడదామని వీధి పెద్ద ఒప్పుకున్నాడు.

జనం వెళ్ళిపోయాక కోడలి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఎందుకు చెప్పారత్తయ్యా? ఆ మాటేదో నేనే పడేదాన్నిగా."

"నువ్వు పడితే డ్రమ్ము పోతుంది. నేను పడితే నా పరువొక్కటే పోతుంది."

అలా అన్నది గానీ, పరువు పోయినట్టు ఆవిడకి ఎక్కడా అనిపించలేదు.