చెయ్యి కడిగిన కంచం

మా ఆయన అన్నం తిన్న కంచంలోనే చెయ్యి కడుక్కుంటాడు. కుర్చీ నుంచి సింకు ఐదు అడుగుల దూరం. ఒకసారి కొలిచాను కూడా. ఎడమచేత్తో గ్లాసు వంచి, కుడిచేతి వేళ్ళు ఒక్కొక్కటే రుద్దుకుంటూ నీళ్ళన్నీ కంచంలోకి జార్చేస్తాడు. మిగిలిన గుక్కెడు నోట్లో పోసుకుని పుక్కిలించి, ఒక్కోరోజు అది కూడా అందులోనే ఉమ్మేస్తాడు. ఆ నీళ్ళ మీద పసుపు నూనె చుక్కలు చుక్కలుగా తేలుతుంది. నమిలి వదిలేసిన మునక్కాడ పిప్పి, కరివేపాకు రెబ్బ, విరిగిన పెరుగు, ఉబ్బిన నాలుగు మెతుకులు. తువ్వాలు అందించాక ఆ కంచం నేను తియ్యాలి. అంచు దాకా నిండి ఉంటుంది కాబట్టి ఎంత జాగ్రత్తగా పట్టుకున్నా బొటనవేలు నీళ్ళలో మునుగుతుంది. ఆ నీళ్ళు చల్లగా ఉన్నా భరించేదాన్నేమో. గోరువెచ్చగా ఉంటాయి.

పదమూడేళ్ళు తీశాను. పోయిన జూన్‌లో ఒక ఆదివారం, సింకు దాకా వెళ్ళకముందే కడుపులోంచి తన్నుకొచ్చింది. కంచం, నేను, గచ్చు అంతా ఒకటైపోయాం. మర్నాడు మళ్ళీ వచ్చింది. మూడో రోజు ఆయన గ్లాసు వంచుతున్న చప్పుడుకే వచ్చింది.

మా అత్తగారు సుబ్బులు గారి మొహం వెలిగిపోయింది. "నెల తప్పావా అమ్మాయ్?" అంది. నాకు ముప్పై ఎనిమిదేళ్ళు, ఆరో తరగతి చదివే కూతురుంది. ఆవిడ ఆగలేదు. పీర్జాదిగూడలో ఉన్న మా ఆడపడుచుకి ఫోన్ చేసి "ఈసారి మగపిల్లాడేనే, నా మనసు చెప్తోంది" అనేసింది. మా ఆయన విజయభాస్కర్ మాత్రం నా వంక అనుమానంగా చూశాడు. ఆ అవకాశం మా ఇద్దరి మధ్య ఏడాదిగా లేదు. భార్య వాంతి చేసుకుంటే ఆ ఇంట్లో ఇద్దరికీ తోచినవి ఆ రెండే. కొడుకు, లేకపోతే రంకు.

తర్వాత పరీక్షలు. రక్తం, స్కానింగు, గొంతులోంచి గొట్టం వేసి చూడటం. డాక్టరు రిపోర్టు తిరగేసి "లోపలంతా శుభ్రంగా ఉందమ్మా" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. శుభ్రం సంగతి నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. నాచారం పారిశ్రామికవాడలో పచ్చళ్ళ కంపెనీలో పదేళ్ళుగా నాణ్యత చూసేది నేనే. డ్రమ్ము మూత తియ్యగానే ఆవకాయలో వెంట్రుక ఉందా, బూజు మొదలైందా, నూనె కంపు కొడుతోందా అన్నది నా ముక్కుకీ నాలుకకీ తెలిసిపోతుంది. అనుమానం వస్తే ఆ డ్రమ్ముకి ఎర్ర చీటీ కడతాను. కట్టానంటే దాన్ని ఎవరూ కదపరు. మేనేజర్ దామోదర్ వచ్చి "మేడమ్, జర చూడండి, లారీ గేటు కాడ నిలబడ్డది" అని బతిమాలతాడు. వద్దంటాను. ఎందుకని ఎవరూ అడగరు. అసహ్యించుకోవడానికే నాకక్కడ జీతం ఇస్తారు. ఇంట్లో అదే అసహ్యానికి డాక్టరు కాగితం మీద వేరే పేరు రాసి, కౌన్సెలింగుకి వెళ్ళమన్నాడు.

"కౌన్సెలింగా? అది విడాకులు తీసుకునేవాళ్ళకి కదా?" అన్నాడు మా ఆయన. అయినా వెంట వచ్చాడు. నేను ఒక్కదాన్నే వెళ్ళి ఏం చెప్తానోనని వచ్చాడని అక్కడ కూర్చున్నాక అర్థమైంది.

నాచారం మెయిన్ రోడ్డు మీద మందుల షాపు పైన చిన్న గది. కౌన్సెలర్ పేరు ఉదయశ్రీ. నా వయసు ఉంటుంది. నన్ను చూసి "చెప్పండి" అంది. ఆయన చెప్పాడు. నా నిద్ర గురించీ, తిండి గురించీ, చివరికి నా నెలసరి గురించి కూడా ఆయనే చెప్పాడు. "మాది చాలా హ్యాపీ ఫ్యామిలీ మేడమ్. మా అమ్మ ఈవిడని కన్నకూతురిలా చూసుకుంటుంది. ఉద్యోగం కూడా చెయ్యనిస్తున్నాం." ఇన్సూరెన్స్ ఆఫీసులో రోజంతా మాట్లాడే మనిషి. మాటలు నున్నగా ఉంటాయి. నేను తల ఊపుతున్నాను. నా తల నాకు తెలియకుండానే ఊగుతోందని గమనించి మెడ బిగబట్టాను. ఉదయశ్రీ ఆయన్ని కాసేపు బయట కూర్చోమంది. "మా మధ్య సీక్రెట్స్ ఏం లేవు మేడమ్" అన్నాడు లేవకుండా. "నాకూ ఆవిడకీ మధ్య ఉంటాయండీ" అందావిడ. లేచాడు.

తలుపు మూసుకున్నాక ముందు ఆయన చెప్పిన నిద్ర, తిండి సంగతులే మళ్ళీ చెప్పాను. కంచం గురించి చెప్పడానికి సిగ్గేసింది. పక్కింటావిడ మొగుడు కొడతాడు. మా చిన్నమ్మ మొగుడు తాగి ఇల్లమ్ముకున్నాడు. నేను వచ్చి కంచంలో నీళ్ళు అంటే ఎవరు నమ్ముతారు? చివరికి చెప్పాను. ఆవిడ నవ్వలేదు. "మన సెషన్లు అయిపోయేసరికి ఏం జరిగితే మీకు బాగుంటుంది?" అని అడిగింది. నేను వెంటనే "వాంతి రాకుండా ఆ కంచం తియ్యగలగాలి" అన్నాను. ఆవిడ నా వంక ఒక క్షణం చూసి, నేనన్న మాటే ఫైల్లో మొదటి గీత మీద రాసింది. పెన్సిల్‌తో రాసింది. "ఇది మీ లక్ష్యం. ఎప్పుడైనా మార్చుకోవచ్చు" అంది. మార్చడానికేముంది అనుకున్నాను.

ఒక నోటుబుక్కు పెట్టుకోమంది. సున్నా నుంచి పది దాకా వికారం ఎంతో రాయాలి. ముందు ఖాళీ కంచం పట్టుకోవడం, తర్వాత మంచినీళ్ళు పోసిన కంచం, ఆ తర్వాత పసుపు కలిపిన నీళ్ళు. నేను మంచి విద్యార్థిని. మూడో వారానికి పసుపు నీళ్ళ కంచం మోస్తూ హాలంతా తిరిగి, నోటుబుక్కులో నాలుగు వేసుకున్నాను. సోఫాలో కూర్చుని మా ఆయన తమ్ముడికి ఫోన్లో చెప్తున్నాడు. "మీ వదినకి కంచం ట్రీట్‌మెంట్ నడుస్తోందిరా. మన నాయనమ్మ మొగుడి ఎంగిలి కంచంలో తిని ఎనభై ఏళ్ళు బతికింది. వీళ్ళకి తియ్యడానికే స్పెషలిస్టులు కావాలి." అవతలి నవ్వు నాకు వినిపించింది. చేతిలో నీళ్ళు తొణికాయి. నాలుగు కొట్టేసి తొమ్మిది రాశాను.

ఇంకో శనివారం ఉదయశ్రీ అడిగింది. "సింకులో కడుక్కోమని ఆయన్ని ఎప్పుడైనా అడిగారా?"

పెళ్ళయిన రెండో ఏడు అడిగాను. "మా నాన్న ఏనాడూ లేవలేదు. నేను లేవాలా?" అన్నాడు. వారం రోజులు బయట తినొచ్చాడు. మా అత్తగారు వారం రోజులూ కళ్ళొత్తుకుంటూ "వాడి నోటికాడ కూడు తీశావు కదమ్మాయ్" అంది. ఎనిమిదో రోజు నేనే కంచం పెట్టి, నీళ్ళ గ్లాసు పక్కన పెట్టాను. ఇదంతా చెప్తుంటే, పదమూడేళ్ళుగా తలుచుకోనిది ఒకటి పైకొచ్చింది. పెళ్ళయిన మూడో రోజు. ఆయన తిని లేచిన కంచాన్ని మా అత్తగారు నా ముందుకి జరిపి "ఇందులోనే వడ్డించుకో అమ్మాయ్, ప్రేమ పెరుగుతుంది" అంది. చుట్టూ అమ్మలక్కలు. ఆయన ముద్దలు కలిపిన గీతలు కంచం నిండా ఎండిపోయి ఉన్నాయి. తిన్నాను. నవ్వుతూ తిన్నాను. ఫొటో ఉంది, ఆల్బంలో. ఉదయశ్రీకి చెప్తూ చెప్తూ ఆగిపోయాను. ఆ రోజు కంచంలో నీళ్ళు లేవు. నేను తినాలి కాబట్టి ఆయన లేచి వెళ్ళి కుళాయి దగ్గర కడుక్కున్నాడు. అంటే వెళ్ళగలడు. కాళ్ళున్నాయి. అక్కడే, ఆవిడ చెత్తబుట్టలోనే వాంతి చేసుకున్నాను.

సోమవారం ఫ్యాక్టరీలో శారదమ్మ నా మొహం చూసి పట్టేసింది. ఆవిడ మామిడిముక్కల బల్ల దగ్గర పని చేస్తుంది. కూతురి పెళ్ళి కూడా చేసిన మనిషి. "ఏంది బిడ్డా, మల్ల కక్కినవా?" అంది. విషయం చెప్పాను. ముక్కలు ఏరుతూనే వింది. "గంతేనా? మా ఆయన మంచంల కూసొని తింటడు. మంచం కిందికే సెయ్యి కడుగుతడు. ఊడ్చుకునేది నేను." పుచ్చు ముక్క ఒకటి పక్కన పడేసి అంది. "నువ్వు కక్కుతున్నవ్. మేం మింగుతున్నం. గా డాక్టరమ్మకు చెప్పు, మింగుడు గూడ రోగమేనని." పక్కన కూర్చున్నవాళ్ళు పగలబడి నవ్వారు. ఎవరూ కాదనలేదు.

తర్వాతి సెషన్ చివర ఉదయశ్రీ మా ఆయన్ని లోపలికి పిలిచింది. కొన్ని వారాలు నేను ఆ కంచం తియ్యకుండా చూడమని చెప్పింది. ఎవరి కంచం వాళ్ళు తీసుకుంటే మంచిదని కూడా అంది. ఆయన గుండె మీద చెయ్యేసుకున్నాడు. "ప్రామిస్ మేడమ్. ఇకనుంచి ఈవిడ నా కంచం ముట్టుకోదు." మెట్లు దిగుతూ నా భుజం తట్టాడు. షేర్ ఆటోలో ఉప్పల్ దాకా ఈల వేస్తూనే ఉన్నాడు.

మాట నిలబెట్టుకున్నాడు. ఆయన తినేటప్పుడు నేను బెడ్‌రూంలోకి వెళ్ళిపోయేదాన్ని. పావుగంట తర్వాత వచ్చేసరికి బల్ల శుభ్రంగా ఉండేది. పది రోజులు వాంతి లేదు. బొటనవేలు తడవలేదు. నోటుబుక్కులో రెండు, ఒకటి, ఒకటి. ఎవరు తీస్తున్నారని నేను అడగలేదు. అత్తగారనుకున్నాను. ఆవిడ మోకాళ్ళు నొప్పులు, కంచం నింపుకుని నడవలేదు, ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ అనుకున్నాను. కడుపులో హాయిగా ఉన్నప్పుడు మనిషి ఎంత మూర్ఖంగా ఉండగలదో ఆ పది రోజుల్లో చూసుకున్నాను. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు రోత.

నిన్న ఆదివారం. మధ్యాహ్నం భోజనాల దగ్గర బాగానే ఉన్నాననిపించి, లోపలికి వెళ్ళకుండా బల్ల దగ్గరే కూర్చున్నాను. ఆయన పెరుగన్నం ముగించాడు. గ్లాసు వంచాడు. వేళ్ళు రుద్దుకున్నాడు. పుక్కిలించి ఉమ్మేశాడు. నేను కుర్చీ అంచు గట్టిగా పట్టుకున్నాను. ఆయన తల తిప్పకుండానే పిలిచాడు.

"చందూ!"

లోపల లెక్కలు చేసుకుంటున్న నా కూతురు హరిచందన పెన్ను చెవి వెనక పెట్టుకుని వచ్చింది. దానికి పదకొండేళ్ళు. ముందు తువ్వాలు అందించింది. తర్వాత రెండు చేతులతో కంచం ఎత్తింది. బొటనవేళ్ళు రెండూ అంచుకి బయట, నీళ్ళు తగలకుండా. పాదాలు నేల మీద జారుస్తూ, చూపు నీళ్ళ మీదే ఉంచి, చిన్న చిన్న అడుగులు వేస్తోంది. అలా పట్టుకోవడం ఒక్కరోజులో రాదు. నాకు పదమూడేళ్ళలో రాలేదు.

"బంగారు తల్లి, ఒక్క చుక్క కింద పడనివ్వదు" అంది మా అత్తగారు.

"మీ అమ్మకి పడదుగా మరి. డాక్టరమ్మ ఆర్డరు" అన్నాడు మా ఆయన తువ్వాలుతో మూతి తుడుచుకుంటూ.

చందూ నా పక్కనుంచి వెళ్తూ ఆగింది. దాని మొహం నిండా గర్వం. "నాకేం వాంతి రాదమ్మా" అంది.

నా కడుపులో ఏదో లేచింది. గొంతు దాకా వచ్చింది. కానీ అది అన్నం కాదు, నీళ్ళు కాదు. ఉదయశ్రీ ఫైల్లో మొదటి గీత మీద నేను కోరి రాయించుకున్న మాట నా ఎదురుగా రెండు జడలేసుకుని నిలబడి ఉంది. వాంతి రాకుండా ఆ కంచం తియ్యగలగాలి. చికిత్స పూర్తయితే నేను ఇలాగే ఉంటాను.

"చందూ, వెనక్కి తీసుకెళ్ళు."

"ఎక్కడికమ్మా?"

"నాన్న ముందు పెట్టెయ్. పెట్టి, సబ్బుతో చేతులు కడుక్కుని నీ లెక్కలు చేసుకో."

అది వాళ్ళ నాన్నని చూసింది, నన్ను చూసింది. అంతే జాగ్రత్తగా వెనక్కి నడిచి, కంచం ఎక్కడ ఎత్తిందో అక్కడే పెట్టింది. మా ఆయన నవ్వాడు. "ఇది కూడా ట్రీట్‌మెంటేనా?"

మా అత్తగారు మోకాళ్ళు పట్టుకుని లేవబోయింది. "పండగలా ఉన్న ఇంట్లో ఏమిటే ఈ గోల, నేను తీస్తా ఉండు..."

"కూర్చోండి అత్తయ్యా. దాన్ని ఎవరూ కదపొద్దు."

ఆ గొంతు నాదే. కానీ ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ వినలేదు. ఫ్యాక్టరీలో లారీ గేటు దగ్గర ఆగినప్పుడు వాడే గొంతు అది. గట్టిగా ఏం ఉండదు. మా అత్తగారు కూర్చుంది.

ఆయన నవ్వు మెల్లగా పోయింది. "ఇంక ఆ కౌన్సెలింగ్ చాలు. బాగుచేస్తుందనుకుంటే ఉన్న మతి కూడా పోగొడుతోంది" అన్నాడు.

"శనివారం వెళ్తున్నాను. మీరు రానక్కర్లేదు. పెన్సిల్‌తో రాసింది ఒకటి చెరిపించాలి."

ఆయనకి అర్థం కాలేదు. బాత్రూంలో చందూ చేతులు కడుక్కుంటున్న నీళ్ళ చప్పుడు వినిపిస్తోంది. పది రోజుల కడుగుడు ఒక్కసారే కడుక్కుంటున్నట్టు చాలాసేపు వినిపించింది. వీధిలో కూరగాయల బండి అరుచుకుంటూ వెళ్ళిపోయింది. ఆయన లేస్తే కంచంతో లేవాలి, కంచం వదిలి లేస్తే ఓడినట్టుంటుంది. తువ్వాలు ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చున్నాడు. ఆయన ఉమ్మిన నీళ్ళ వంక బహుశా జీవితంలో మొదటిసారి చూస్తున్నాడు. నూనె ఒక పక్కకి చేరి తెట్టు కట్టింది. మెతుకులు అడుక్కి దిగాయి. ఒక ఈగ వచ్చి అంచు మీద వాలింది. ఆయన మొహం చిట్లించి, ముక్కు పక్కకి తిప్పుకున్నాడు.

నేను ఎదురుగా కూర్చుని ఆ కంచాన్నే చూస్తున్నాను. నాకు వాంతి రాలేదు.