కంబళిక్రింద సూర్యాస్తమయము

కార్తికమాసమున మంచు తొలిసారిగా దిగు దినములలో అనంతపురసీమయందలి యొక గట్టుమీద కనుచూపుమేర పరచుకొన్న పచ్చికబీడు సంధ్యారాగరంజితమై, మందానిలచలితములైన బోదగడ్డి వెన్నులతో తళతళలాడుచు, విరబూసిన తంగేడుపొదల నడుమ నల్లరాతిగుండ్లు నిద్రించు నేనుగులవలె పరుండియుండ, చూచువారి మనములకు చెప్పరాని యుల్లాసము గొల్పుచుండెను.

ఆ బీడున మూడుకాళ్ల కొయ్యపీఠముపై పెద్ద కెమెరా నిలిపి అహోబలరావను ఛాయాచిత్రకారుడు పశ్చిమాభిముఖుడై యుండెను. ఇరువదియేండ్లుగా పట్టణమందలి తన చిత్రశాలలో రంగులతెర ముందర వధూవరులను గూర్చుండబెట్టి కదలవలదని శాసించి విసిగిన యాతనికి నిజమైన యస్తమయము నొక్కదానిని పట్టవలెనను కోరిక చిరకాలముగా గలదు. మూడుదినములు మబ్బులచేతను గాలిచేతను బొమ్మ పట్టెడి గాజుపలకలు వ్యర్థములు కాగా నొక్కటి మాత్రమే మిగిలెను. మరునాటి యుదయమున తిరుగుప్రయాణము.

ఆ సాయంకాల మాకాశము నిర్మలమయ్యెను. అతడు నల్లగుడ్డ తలపై గప్పుకొని కెమెరా వెనుకటి యద్దమున బింబమును సవరించుచుండగా నల్లంత దూరమున మంద వెనుకబడిన గొఱ్ఱె యొకటి యీనెను. దాని కాపరియగు సుంకులమ్మయను వృద్ధ తడిపిల్ల నొడిలోనికి దీసికొని చలిగాలి కది వణకుట గాంచి యాతని చెంతకు వచ్చి చేయి చాచెను.

“సామీ, ఆ గుడ్డ ఇట్లియ్యి. పిల్ల చలికి కొయ్యబారిపోతాది.”

“ఇది కప్పుకోకుంటే నాకు బొమ్మ కనపడదమ్మా. పొద్దు పోతాంది.”

“పొద్దు రేపూ వస్తాది సామీ. ఇది పోతే మళ్లా రాదు.”

అహోబలరావు సూర్యుని జూచెను, పిల్లను జూచెను, దీర్ఘముగా నిట్టూర్చి గుడ్డ దీసి యిచ్చెను. ఇచ్చి యూరకుండలేక తానును మోకరించి దాని కాళ్లు తుడువసాగెను. కొంతసేపటికది తూలుచు లేచి రెండడుగులు వేసి యాతని యొడిలోనే కూలబడగా నిరువురును నవ్విరి. నష్టపడితినను తలంపే యాతనికి దోపదయ్యెను.

అంతలో సుంకులమ్మ మగడు లక్కన్న తక్కిన మందను తోలుకొని వచ్చెను. అతని భుజమున నల్లకంబళి యుండెను.

“నీ కంబళి సామి నెత్తిన కప్పు. బిరీన” అనెను సుంకులమ్మ.

గొఱ్ఱెబొచ్చు వాసనతో నిండిన యా గాఢాంధకారమున అహోబలరావునకు అద్దముపై బీడంతయు తలక్రిందులై కానవచ్చెను. గడ్డి మింటనుండి వ్రేలాడుచుండెను. దానిక్రింద సగము క్రుంకిన సూర్యుడు మండుచుండెను. అతడు ఊపిరి బిగబట్టి పలకను చొప్పించి కటకపుమూత దీసెను.

మాసము గడచిన పిమ్మట నొక సాయంకాల మతడా చిత్రమును గొని మరల గట్టెక్కెను. దంపతులు దానిని తదేకదృష్టితో పరికించిరి.

“ఇది యే సీమ సామీ?” అని లక్కన్న యడిగెను.

“మీ బీడే గదా లక్కన్నా.”

“పొద్దు గుంకేతలికి మందను తోలుకొని తూరుపుకు పోతాంటాం. ఎన్నడూ ఎనక్కి తిరిగి చూసిందే లేదు” అని సుంకులమ్మ విస్మయముతో నవ్వెను.

అంత మువ్వురును పడమటికి మొగములు ద్రిప్పి నిలిచిరి. తోలువారు లేమిచే గొఱ్ఱెలు మరల గడ్డికి తలలు వంచెను. అఱువదియేండ్లుగా తమ వీపులవెనుక దినదినమును వెలిగి యాఱుచుండిన యా యెఱ్ఱని వైభవమును వృద్ధదంపతులు కన్నులార గ్రోలుచుండ, వారి దీర్ఘచ్ఛాయలు మాత్రము అలవాటు చొప్పున తూర్పుదిక్కుగా నింటిదారి పట్టెను.