ఏమీ వెయ్యని కాఫీ

పొద్దుటి మంచు ఇంకా కొండ దిగలేదు. ఎవేలియో అప్పటికే వసారాలో ఆ కొస నుంచి ఈ కొసకు గానుగెద్దులా తిరుగుతున్నాడు. చేతిలో కాఫీ కప్పు, కడుపులో ఆకలి, చెవులేమో రోడ్డు మీద. వంటింట్లో పెళ్లాం నోయెమీ రోజూలాగే రాయి పుచ్చుకుని టకటకా కొడుతోంది. ఆ చప్పుడు పుట్టిన దగ్గర్నుంచీ వింటున్నదే గనక అతనికి వినబడటం ఎప్పుడో మానేసింది. వినబడింది మరోటి: మలుపు దగ్గర జీపు గేరు మార్చుకుంటూ పంది గొంతు కోసినట్టు అరిచిన అరుపు.

"చంపేస్తున్నాడే నా జీపుని!" అంటూ గొణిగి కప్పు ఖాళీ చేశాడు. "ఇంకోటి పొయ్యి."

ఆ జీపు తండ్రి ఇచ్చిపోయింది. గ్వామో కొండ మీంచి కాఫీ బస్తాలు గానీ, పెళ్లికూతుళ్లు గానీ, శవాలు గానీ అందులోనే కిందికి దిగాయి. ఇప్పుడు దాని స్టీరింగు బావమరిది ఆర్సేసియో చేతిలో ఉంది. కారణం ఎవేలియో కళ్లు. రెంటికీ శుక్లాలు కమ్మాయి. పోయిన వానల్లో మలుపులో నించున్న నల్లావుని చూసి ఫాదరు గారనుకుని బండి ఆపాడు. టోపీ తీసి దీవించమన్నాడు. ఆవు దీవించిందని కూడా ఆర్సేసియో ఊరంతా చెప్పాడు. ఆ తరవాత అతని జీపెక్కేవాళ్లు ముందు గుడికెళ్లి పాపాలు ఒప్పుకుని మరీ ఎక్కడం మొదలెట్టారు.

ఒంట్లో షుగరు దిగితేనే గాని కంటికి కత్తి తగలనివ్వనన్నాడు పట్నం డాక్టరు. కొండ కింది ఆరోగ్యకేంద్రంలో మార్లేనీ అనే డాక్టరమ్మ ఉంది, సముద్రం ఒడ్డు నుంచి వచ్చిన పిల్ల. ఆవిడ దారి చెప్పింది: "రాత్రి భోంచేశాక మళ్లీ మధ్యాహ్నందాకా ఏమీ తినకు పెద్దాయనా. మంచినీళ్లు తాగు, నల్ల కాఫీ తాగు. కాఫీలో పాలు, పంచదార, తేనె, మీగడ ఏదీ వద్దు. మరీ నోరు చప్పబడితే చిన్న దాల్చినచెక్క ముక్క. అంతే!"

కాఫీపళ్లు ఎర్రబడుతున్నాయి. కోతలు మొదలయ్యేలోగా కళ్లు బాగుపడకపోతే ఈ ఏటి బేరాలన్నీ ఆర్సేసియోవే. ఒక్క కోతకాలం స్టీరింగు రుచి మరిగినవాడు మళ్లీ వదుల్తాడా?

అందుకే ఎవేలియో ఉపవాసం పట్టాడు. ఊరు ఊరుకుంటుందా? మందులషాపాయన కాఫీలో వెన్నముద్ద వెయ్యమన్నాడు. గుళ్లో గంట కొట్టే హెర్సిలియా నిమ్మకాయ పిండమంది. మంగలి కొబ్బరినూనె చెప్పాడు. అది తాగిన వాళ్ల మేనమామ వారం రోజులు అన్నం మాటెత్తలేదట, ఎనిమిదో రోజున పోయాడట, పోయేటప్పుడు మాత్రం సన్నగా ఉన్నాడట.

ఆర్సేసియో జీపు గుమ్మం ముందే ఆపాడు. "బావా, చీజుముక్క వేసుకో. అడుగున కరిగి తీగలా సాగుతుంది."

"నీ నాలిక్కంటే సాగుతుందా? నా కాఫీలో ఏమీ పడదురా. గేరు మార్చేటప్పుడు క్లచ్చి పూర్తిగా తొక్కు, అది నీ పెళ్లాం కాలు కాదు, మెత్తగా తొక్కడానికి!"

ఆకలి రేగినప్పుడల్లా కాఫీ. పూర్వం పొద్దున ఒకటీ సాయంత్రం ఒకటీ తాగేవాడు, ఇప్పుడు నోయెమీ గిన్నె పొయ్యి దించడంలేదు. తాగినకొద్దీ చేతులు వణికాయి. కుర్చీలో కూర్చోలేడు, నిలబడలేడు. కోళ్లు తనను చూసి నవ్వుతున్నాయని ఒక పూట కోళ్లతో తగువేసుకున్నాడు.

రెండోసారి పరీక్షలో షుగరు దిగలేదు సరిగదా, ఎక్కింది.

"దొంగతనంగా తింటున్నావు," అంది డాక్టరమ్మ.

"మా అమ్మ మీద ఒట్టు, మెతుకు ముట్టలేదు."

"మెతుకు కాకపోతే రొట్టె ముట్టి ఉంటావులే," అన్నాడు పక్కనున్న ఆర్సేసియో. ఆ మాట వాళ్లు ఇల్లు చేరేలోగా ఊరు చేరింది. నోయెమీ కూడా నమ్మలేదు. జేబులు తడిమింది. పరుపు ఎత్తి చూసింది. అరెపాలనే మొక్కజొన్న రొట్టెల డబ్బాకి తాళం వేసి చెవి మెళ్లో కట్టుకుంది.

"నలభై ఏళ్ల కాపురం చేసి నన్ను దొంగంటావా?"

"నువ్వు తినకపోతే ఎవరు తిన్నారయ్యా, దయ్యమా?"

ఆకలి కంటే ఆ మాట ఎక్కువ కొరికింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తినని తిండికి శిక్ష పడుతోంది, కళ్లు పోతున్నాయి, జీపు పోతోంది. పోనీ నిజంగానే తినేసి ఉంటే ఆ సుఖమైనా మిగిలేది కదా అనిపించింది.

కోతలు ఇంకో మూరెడు దూరంలో ఉండగా డాక్టరమ్మ పిల్లలకు టీకాలు వెయ్యడానికి కొండెక్కి వచ్చింది. వసారాలో ఎవేలియో నడక చూసి ఆగింది. నోయెమీ మర్యాదగా ఓ కప్పు అందించింది. డాక్టరమ్మ ఒక గుక్క తాగింది. రెండోది తాగలేదు.

"అమ్మా, ఇందులో ఏం వేశావు?"

"ఏమీ వెయ్యలేదమ్మా. నల్ల కాఫీ. ఆయన తాగేదే."

"పంచదార?"

"మా ఇంట్లో పంచదారే లేదు."

"మరి తియ్యగా ఉందేం?"

"కాఫీ అంటే అంతేగా," అంది నోయెమీ, ఈ సముద్రం పిల్లకు కాఫీ కూడా తెలీదా అన్నట్టు.

"ఏ నీళ్లతో కాచావు?"

"నీళ్లతోనే. బెల్లంనీళ్లతో."

డాక్టరమ్మ లేచి వంటింట్లోకి వెళ్లింది. పొయ్యి మీద మసిగిన్నెలో తేనెరంగు నీళ్లు కుతకుతలాడుతున్నాయి. పక్కన చెక్క మీద బెల్లపు అచ్చు, దాని నెత్తిన నున్నటి రాయి.

"ఏమీ వెయ్యలేదన్నావు!"

"కాఫీలో వెయ్యలేదమ్మా. నీళ్లు ముందే అలా ఉంటాయి. మా అమ్మ, వాళ్లమ్మ అందరూ ఆ నీళ్లతోనే కాచారు. ఉత్తి నీళ్లతో కాఫీ కాస్తారా ఎవరన్నా? అది పశువులు తాగే…"

సగంలో ఆగిపోయింది. మెళ్లో తాళంచెవి చేత్తో పట్టుకుని కిందికి చూసింది. గుమ్మంలో ఎవేలియో. అరుస్తాడనుకుంది. అతను నవ్వాడు. నవ్వి నవ్వి దగ్గొచ్చి, గోడ పట్టుకున్నాడు.

"దయ్యం దొరికిందే!" అన్నాడు.

మర్నాడు ఉత్తినీళ్ల కాఫీ వచ్చింది. మొదటి గుక్కకి ఎవేలియో చెవులు కదిలాయి. ఈ కొండ మీద పుట్టి, కాఫీ బస్తాల మధ్యనే పెరిగి, కాఫీ అసలు రుచి ఎరగడం అదే మొదలు. నోయెమీ కూడా ఓ కప్పు పోసుకుని ఎదురుగా కూర్చుంది.

"నీకెందుకే? నీకు షుగరు లేదుగా?"

"దొంగన్నాను కదా. నేనూ తాగుతా."

"ఎలా ఉంది?"

"బాగానే ఉంది," అంది. ఏ రోజడిగినా అదే మాట. అతనికి కనిపించేది మసక మొహం ఒకటే, అందులో మంచీచెడ్డా తెలిసేది కాదు.

షుగరు మెల్లిగా మెట్లు దిగింది. కోతలకు ముందే పట్నంలో ఒక కంటికి ఆపరేషనయింది. కట్టు విప్పి, చుక్కల మందిచ్చి పంపారు. ఇంటికొచ్చిన మర్నాడు పొద్దున వసారాలో ఇద్దరూ కాఫీకి కూర్చున్నారు. నోయెమీ కప్పెత్తి ఓ గుక్క మింగింది.

ఎవేలియో చూశాడు. కళ్లు గట్టిగా మూసింది, ముక్కు ముడతలు పడింది, పెదవి ఒక చెంపకు వెళ్లి తిరిగొచ్చింది, భుజాలు చలిజ్వరం వచ్చినట్టు వణికాయి. ఇవన్నీ అయ్యాక మొహం సర్దుకుని, "బాగానే ఉంది," అంది, అతను అడక్కుండానే.

"ఇన్నాళ్లూ ఇలాగే తాగావా?"

ఆవిడ ఉలిక్కిపడింది. "కనిపిస్తోందా?"

"మీసం కూడా కనిపిస్తోంది. పో, పోయి బెల్లం కొట్టుకో."

"రెండో కన్ను కానీ, అప్పుడు చూద్దాం," అని మొండిగా ఇంకో గుక్క మింగి, అన్ని ముడతలూ మళ్లీ చూపించింది.

కింద మలుపు దగ్గర జీపు పందిలా అరిచింది. డాక్టరు నడపొచ్చని చెప్పడానికి ఇంకా గడువుంది. ఎవేలియో కూర్చోలేకపోయాడు. కప్పు పిట్టగోడ మీద పెట్టి, చెయ్యి చాచుకుని రోడ్డుకు అడ్డంగా వెళ్లి నిలబడ్డాడు.

"ఆపరా!" అని కేకేశాడు. "నడపను, నీ పక్కనే కూర్చుంటా. క్లచ్చి ఎంత తొక్కుతున్నావో ఇప్పుడు నాకు కనిపిస్తుంది!"