లెక్కకు తగ్గిన తాళంచెవి

పదిహేడో తాళంచెవి గాట్లను మేస్త్రి ఆకురాయితో దిద్దుతుంటే, రెండో అంతస్తు గుమాస్తా ఎదురుగా పీట వేసుకుని కన్నార్పకుండా చూస్తున్నాడు. కిందటి నెల మేడలో పొగ కమ్మినప్పుడు ఒక ముసలామె తలుపు తీయలేక ప్రాణాల మీదికి తెచ్చుకుంది. ఇక ప్రతి ఇంటి రెండో తాళంచెవీ కింది వాటాలో ఉండే ఆస్పత్రి నర్సమ్మ ఇంటి గోడకు వేలాడాలని అందరూ అనుకున్నారు. అవి చేయవలసింది మెట్లకింది గదిలో ఒంటరిగా ఉండే మేస్త్రి అనేసరికి గుండెల్లో రాయి పడింది. దొంగ చేతికి తాళాలిచ్చినట్టు కాదూ అని గొణుక్కున్నారు. ముప్ఫై ఏళ్లుగా తమ తలుపులు బాగుచేసింది ఆ చేతులేనని ఒక్కరికీ గుర్తు రాలేదు. అందుకే ఈ కాపలా.

వారం రోజులుగా మేస్త్రికి ఎడమ రొమ్ములో పట్టేస్తోంది. తనకేమైనా అయితే తలుపు తీసేదెవరని దిగులు. గుమాస్తా టీకి వెళ్లినప్పుడు తన గదికీ ఒకటి చేసుకున్నాడు.

గుమాస్తా వస్తూనే పెట్టెలో చెయ్యి పెట్టాడు. "గాట్లు పెట్టనివి పదమూడుండాలి. పన్నెండే ఉన్నాయేం?"

మేస్త్రి జేబులోంచి తీశాడు. "ఇది నా గదిది బాబూ. నర్సమ్మగారికిద్దామని."

"నీదో, ఎవరిదో! ఎవడు చూడొచ్చాడు?"

ఒక్కసారి తన తలుపుకు పెట్టి తిప్పితే తేలిపోయేది. కానీ మేస్త్రికి ఒళ్లు మండింది. ఆ తాళంచెవిని బల్లకున్న ఇనప బిగింపులో పెట్టి పుటుక్కున విరిచేశాడు.

"నాకున్నదొక్కటి చాల్లెండి."

సాయంత్రం నర్సమ్మ తాళంచెవులు తగిలిస్తూ అడిగింది. "నీదేదన్నయ్యా?"

"నాకెందుకమ్మా? నేనెక్కడికి పోతాను!"

గదిలో ఏం దాచుకున్నాడోనని ఆవిడనూ అనుమానపు పురుగు తొలిచింది.

మర్నాడు పొద్దున్నే మెట్లకింది గదిలోంచి మూలుగు వినిపించింది. తలుపుకు లోపల్నుంచి తాళం వేసి ఉంది. నర్సమ్మ గోడకు అందరి తాళంచెవులూ ఉన్నాయి, ఆ గదిది తప్ప. గుమాస్తా గడ్డపార తెచ్చాడు. నలుగురు పడితే తలుపు విరగడానికి అరగంట పట్టింది. మూలుగు ఎప్పుడు ఆగిందో ఎవరూ గమనించలేదు.

మేస్త్రి గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. నర్సమ్మ నాడి చూసి, "ఒళ్లింకా వెచ్చగానే ఉంది" అని చెయ్యి మెల్లగా దించింది. గుమాస్తా గడ్డపార కింద పెట్టడం కూడా మరిచిపోయి నిలబడ్డాడు.

తలుపు రెండు చెక్కలై గోడకు చేరబడి ఉంది. దానికి మేస్త్రి బిగించుకున్న తాళం మాత్రం, వేసింది వేసినట్టే, చెక్కు చెదరలేదు.