పట్టుదారానికి ముడి

ఈ శ్రావణ పున్నమికి బాగేపల్లి బజారులో చేతికి రాఖీ లేని మగవాడు కనబడలేదు. వాటిలో సగం నేను చేసినవే. మా నాయన కేశవమూర్తి పెట్టిన ఫ్యాన్సీ అంగడి ముందు దండేనికి అవి వరసగా వేలాడుతుంటే చూసేవాళ్లకు కళ్లపండువే. నాయన పోయాక అంగడి మా తమ్ముడు అమర్ చూసుకుంటున్నాడు. ఇల్లు మేడ మీద. ఆ ఇంటి వెనక గదిలో నేనూ నా దారాలూ.

గూళూరులో నా సంసారం పోయిన చలికాలంలో ముగిసింది. మా ఆయన గుండెపోటుతో పోయాడు. కర్మలు అయిన మర్నాడు అమర్ నా పెట్టె తన బండి మీద పెట్టుకుని, "నేనుండా కదక్కా, పా," అన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకుని పుట్టింటికి వచ్చాను.

వచ్చాక ఇక్కడి పద్ధతులు ఒక్కొక్కటీ తెలిశాయి. పొద్దున బోణీ అయ్యేదాకా నేను అంగట్లోకి దిగకూడదు. ఎవరూ గట్టిగా చెప్పలేదు. "బోణీ అయినాక పోదువులేమ్మా, ఇప్పుడేం అవసరం," అని అమ్మ మెట్లకు అడ్డంగా నిలబడి మెత్తగా అంటుంది. మా అమ్మ వాసవాంబ ఏ మాటనైనా వెన్న రాసి చెబుతుంది. గొంతులోకి దిగాకే ముల్లు సంగతి తెలుస్తుంది. నేను చేసిన సరుకుతో బోణీ చేయడానికి మాత్రం ఎవరికీ అభ్యంతరం లేదు.

రంగు పట్టుదారం చింతామణి నుంచి తెప్పిస్తాం. దాన్ని గుత్తిగా చుట్టి, నడుమ జరీతో బిగించి, కొసలు కత్తిరించి, పాత టూత్‌బ్రష్‌తో దువ్వితే పోగులు విచ్చుకుని పువ్వవుతుంది. పైన ఒక పూస, చేతికి కట్టడానికి కింద నూలు దారం. చెప్పడానికి ఇంతే. చేసేవాళ్లకు మెడ పట్టేస్తుంది.

అమర్‌కి కట్టేది వేరు. దానికి నూలు వాడను. అంతా పట్టే. నేనే పేని, పసుపు రాసి, దేవుడి దగ్గర పెట్టి తీస్తాను. పట్టు జారుడుది. పొడిగా కడితే ముడి నిలవదు, వేలు తడిచేసుకుని బిగించాలి. ఆ సంగతి ఇంట్లో ఇంకెవరికీ తెలియదు. చిన్నప్పటి నుంచీ వాడికి కట్టిందల్లా నేనే.

ఈసారి పసుపు రాస్తుంటే అమ్మ వచ్చి పక్కన కూర్చుంది.

"శానా బాగుండాది. నీ మాదిరి ఎవరూ చేయలేరు," అంది. పూసను అటూ ఇటూ తిప్పి చూసింది. "కట్టేదానికి చైత్రని రమ్మన్నానమ్మా."

చైత్ర మా చిన్నమ్మ కూతురు. చింతామణిలో మొగుడూ పిల్లలతో కాపురం చేసుకుంటోంది.

"చేసేదానికి పనికొచ్చే చెయ్యి కట్టేదానికి పనికిరాదా అమ్మా?"

"నయన వట్టి మనిషి కాదు కదా. ఏదన్నా అయితే అందరూ నిన్నే అంటారు. నీ మంచికే చెప్తాండా."

నా మంచి కోరేవాళ్లు ఈ మధ్య మరీ ఎక్కువైపోయారు. నయన నా మరదలు, ఏడో నెల. ఈ మాట ఆమె నోట్లోంచే వచ్చి ఉంటుందని నాకు గట్టి నమ్మకం. మధ్యాహ్నం అమర్ భోజనానికి పైకి వస్తే వాడినే అడిగాను.

"నువ్వే కట్టాలక్కా. వాళ్లూ వీళ్లూ ఏమన్నా పట్టించుకోవద్దు," అన్నాడు, కంచం మీంచి తల ఎత్తకుండానే.

నాకది చాలు. ఎవరు ఎటుపోయినా తమ్ముడు నావాడు అనుకున్నాను. పండగ దాకా దారం పేనుకుంటూ కూనిరాగాలు కూడా తీశాను, సిగ్గులేకుండా.

పున్నమి పొద్దున పురోహితుడు వచ్చి అమర్‌కి కొత్త జంధ్యం వేయించాడు. రాఖీ పన్నెండు లోపలే కట్టాలని, ఆ తర్వాత మంచి గడియ లేదని చెప్పి ఇంకో ఇంటికి వెళ్లిపోయాడు. అమర్ పీట మీద కూర్చున్నాడు. చైత్రే కట్టాలని అమ్మ పట్టు వదల్లేదు, ఆమె జాడేమో లేదు. బస్సు దారిలో చెడిపోయిందని ఫోను వచ్చింది. నేను వంటింటి గుమ్మంలో నిలబడి గడియారాన్నే చూస్తున్నాను. పన్నెండు దగ్గరపడుతోంది.

మొదట నోరు విప్పింది నయన. ఇన్నాళ్లూ నేను లోపల్లోపల తిట్టుకున్న మనిషి.

"వదిననే కట్టనీ అత్తా. చేసింది ఆమే కదా."

అమ్మ గడియారం వైపు చూసింది, నా వైపు చూసింది. "సరే, ఇంగేం చేస్తాం. రామ్మా, నువ్వే కట్టు," అంది.

పళ్లెం తీసుకుని వాడి ముందు కూర్చున్నాను. చెంబులో వేలు ముంచాను. దారం విప్పి పట్టుకున్నాను. అప్పటిదాకా మోకాలి మీద ఉన్న అమర్ చెయ్యి మెల్లగా ఒడిలోకి వెళ్లిపోయింది.

"చైత్ర వస్తాది లేక్కా. ఇంకా టైముండాది," అన్నాడు. నా ముఖం చూడలేదు. నయన కడుపు వైపు చూశాడు.

మా ఆయన పోయిన రోజు ఊరంతా నన్ను విధవ అంది. ఊరి నోరు ఎవరు మూస్తారని ఊరుకున్నాను. నా తమ్ముడు ఆ మాట అనకుండానే అన్నాడు. నా గుండె పగిలింది అప్పుడే. దారం పళ్లెంలో పెట్టేసి లేచి వంటింట్లోకి వెళ్లాను.

పన్నెండు దాటాక చైత్ర చెమటలు కక్కుకుంటూ వచ్చింది. గడియ దాటిపోయిందన్న సంగతి అప్పుడు ఎవరికీ గుర్తుకు రాలేదు. బొట్టు పెట్టి దారం కట్టబోయింది. ముడి జారింది. మళ్లీ వేసింది, మళ్లీ జారింది.

"రంజితక్కా, ఇది నిలవల్యా. ఎట్ల కట్టాల?" అని కేకేసింది.

వేలు తడిచేసుకో అంటే సరిపోయేది. అనలేదు. పాయసం గిన్నె తోముతూ ఉండిపోయాను. ఆమె ముడి మీద ముడి వేసి అయిందనిపించింది.

సాయంత్రం అమర్ నా గదికి వచ్చాడు. మణికట్టు బోసిగా ఉంది.

"రాఖీ యాడో ఊడి పడిపోయిందక్కా. అంగడంతా వెతికినా దొరకల్యా." తలుపు పట్టుకుని నిలబడ్డాడు. "నాకు భయమవుతాంది. ఇంగొకటి చేసియ్యి. చైత్ర ఊరికి పోయేలోగా కట్టిచ్చుకుంటా."

చేసియ్యమన్నాడు. కట్టమనలేదు.

"కింద దండేనికి వేలాడతాండాయి కదప్పా. అన్నీ నా చేతివే. ఒకటి తీసుకో," అన్నాను.

"అవి అంగడివి. నాకని చేసింది కావాల."

"నీకని చేసే మనిషి పొద్దున నీ ముందరే కూర్చునింది. నువ్వే చెయ్యి లాక్కుంటివి."

వాడు కిందికి దిగి దండెం మీంచి ఒకటి తీసుకున్నాడు. చైత్ర కట్టింది. ముడి ఈసారి మొదటిసారే నిలిచింది. అంగడి రాఖీలకు వేసేది నూలు దారం కదా, ఎవరు కట్టినా నిలుస్తుంది.