దోన్ ఎవరిస్తో కొట్టిన మూడు హారన్లు

అన్యాయమైపోయినవాడు నెమెసియో కోల్కే. 2013 ఏప్రిల్ 3, బుధవారం. ఆ పొద్దున గని పనికి వెళ్ళి తిరిగి రాలేదు. "ఎవత్తెనో వెంటేసుకుని సొంత దేశం బొలీవియా పోయాడు" అన్నాడు యజమాని దోన్ ఎవరిస్తో. కోపియాపో ఊరంతా నమ్మింది. పరాయి దేశపువాడు మాయమైతే వెతకడం కంటే నమ్మడం సుఖం.

వాడి అక్క ఎలోదియా రెండున్నరేళ్ళుగా అదే గని వంటింట్లో తెల్లవారకముందే లేచి నలభై మందికి రొట్టెలు కాలుస్తోంది. తమ్ముడు చెప్పకుండా సరిహద్దు దాటే రకం కాదు. అయినా దాటి ఉంటే బావుండునని రోజూ అనుకునేది.

2015లో అకాల వానలు పడి ఊరి చుట్టూ ఎడారి పూసింది. అక్కడి పూలు సూర్యుడి వైపు తిరగవు. కింద ఎవరైనా దిక్కులేకుండా పడి ఉంటే వాళ్ళ రక్తసంబంధీకుల వైపు తిరుగుతాయి. అందుకే పూలు చూడబోయేవాళ్ళు అన్నం మూటతో పాటు ఓ నల్ల శాలువా కూడా పెట్టుకుంటారు.

పూల ఏట పనివాళ్ళని యజమానే తిప్పి చూపించడం ఆనవాయితీ. మానేస్తే నలుగురూ నాలుగు మాటలంటారని ఎవరిస్తో ఆదివారం లారీ తీశాడు. మగాళ్ళు వెనకెక్కారు. ఎలోదియా, వంటింటి తోడు రొసౌరా ముందు కూర్చున్నారు.

"ఏమ్మా, మొహం మాడ్చుకున్నావేం? వెళ్ళేది పూలు చూడ్డానికి, చావుకి కాదు" అన్నాడు ఎవరిస్తో ఎలోదియాతో.

"అది పూలు చెప్పాలి, మీరు కాదు."

"ఇవాళైనా నీ నోటికి సెలవివ్వక్కా" అంది రొసౌరా.

దారి పక్క, మనిషి పోయిన చోటల్లా వాళ్ళ పేర ఓ బుల్లి గూడు, దాని ముందు నీళ్ళ సీసాలు. ప్రతి గూటి దగ్గరా డ్రైవర్లు మూడుసార్లు హారన్ కొట్టి పలకరిస్తారు. ఎవరిస్తో కూడా కొట్టాడు. గుట్ట మలుపులో మళ్ళీ కొట్టాడు, మూడుసార్లు. అక్కడ గూడు లేదు. ఊదారంగు పూలే.

"ఇక్కడెవరున్నారు?" అంది రొసౌరా.

"అలవాటు..."

"లారీ ఆపండి" అంది ఎలోదియా.

ఆపలేదు. మాట విన్న మగాళ్ళు వెనకనించి కేబిన్ మీద గుద్దారు. అప్పుడు ఆపాడు.

'తిరక్కండి తల్లీ, వాడు బతికున్నాడనుకోనివ్వండి' అని మనసులో మొక్కుతూ ఆమె దిగింది. తీరిగ్గా, ఒక్కొక్కటిగా, గుట్ట దాకా పూలన్నీ ఆమెకేసి మొహం తిప్పాయి.

రొసౌరా ఆమెకి నల్ల శాలువా కప్పింది. మగాళ్ళు టోపీలు తీసి, లారీలోంచి పారలు దించారు. ఒకడు ఎవరిస్తో చేతిలోంచి లారీ తాళంచెవి లాక్కున్నాడు.

"గాలికి తిరిగుంటాయి..." అన్నాడు ఎవరిస్తో.

"గాలేది?" అంది ఎలోదియా.

ఎవరిస్తో రోడ్డు మీద కూలబడ్డాడు. "సొరంగం కూలిందమ్మా. తెలిస్తే గని మూయిస్తారని తెచ్చి ఇక్కడ పాతేశాను..."

"ఎవత్తెతోనో పోయాడన్నావు కదరా! నా తమ్ముడికి మట్టి చాలదని బురద కూడా పూశావు."

పోలీసు వచ్చాక, చోటు ఎవరు చూపించారని అడిగాడు.

"పూలు" అంది ఎలోదియా.

తలెత్తకుండా అదే రాసుకున్నాడు. కింద తేదీ వేశాడు: 2015 అక్టోబరు 11, ఆదివారం, మధ్యాహ్నం 1:40.